పేరు మీది, చోటు నాది

నేను సర్వర్ని. ముంబైలో ఒక డేటా సెంటర్, అందులో ఒక ఇనప ర్యాక్, ఆ ర్యాక్‌లో కింది నుంచి నాలుగో అర నా చిరునామా. ఎత్తు అంగుళంముప్పావు. తెర లేదు, కీబోర్డు లేదు, చూడవచ్చే చుట్టాలూ లేరు. ముందు నుంచి చల్లగాలి పీల్చుకుని వెనక నుంచి వేడిగాలి వదులుతూ రాత్రనక పగలనక నడుస్తుంటాను.

మాకూ వంశచరిత్ర ఉంది. మూలపురుషుడు జెనీవా దగ్గర సెర్న్ ప్రయోగశాలలో టిమ్ బెర్నర్స్‌లీ వాడిన నెక్స్ట్ కంప్యూటర్. ప్రపంచంలో మొదటి వెబ్‌సైటు దాని మీదే నడిచింది. ఎవరైనా తెలియక స్విచ్ కట్టేస్తారేమోనని, ఇది సర్వరు, ఆపొద్దు అని ఎర్ర సిరాతో రాసి దానికి అంటించారు. ఆ పెద్దాయన మోసింది ఒక్క సైటు. నేను కొన్ని వందలు మోస్తున్నాను. 1997లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 పుణ్యమా అని, బ్రౌజరు నా దగ్గరకొచ్చినప్పుడు ఫలానా సైటు కావాలని పేరు చెప్పి తీరాలి. దాంతో ఒకే ఐపీ చిరునామా మీద ఎన్ని సైట్లయినా సర్దుకునే వీలు దొరికింది. షేర్డ్ హోస్టింగ్ అంటే ఇదే. ఒకే ఇంట్లో చాలా వాటాలు, అందరికీ ఒకటే బావి. పక్క వాటావాళ్లు తెల్లారగట్లే తోడేసుకుంటే మీ బిందె ఆలస్యంగా నిండుతుంది. వీపీఎస్ తీసుకుంటే మీ వంతు మీకు విడిగా ఉంటుంది, అద్దె కూడా ఆ మేరకు పెరుగుతుంది. రోజుకు కొద్దిమంది చూసే చిన్న దుకాణం సైటుకు నాలాంటి వాటా ఇల్లు చాలు.

నా మీద తణుకు ట్యూషన్ సెంటరుంది, కరీంనగర్ వెండి ఫిలిగ్రీ పనివాళ్లున్నారు, భీమవరం రొయ్యల మేత డీలరున్నాడు. మంగళగిరి చేనేత చీరల కొట్టూ ఉంది. ఆ కొట్టు నడిపే ఆవిడ తన పాత మెయిళ్లన్నీ నా డిస్కు మీదికి తెచ్చుకున్నారు. అందుకని, నన్ను ఎంచుకునే ముందు మా కంపెనీని ఏమేం అడిగారో నాకు తెలుసు.

చాలామంది అడిగేది ఒకటే: నెలకెంత? ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించే ధర చాలాచోట్ల మూడు నాలుగేళ్ల సొమ్ము ఒక్కసారే కడితేనే వర్తిస్తుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ. గడువు తీరాక రెన్యువల్ ధర రెట్టింపో, ఇంకా పైనో. ఆవిడ ముందు ఆ రెండో ధరే అడిగారు. తర్వాత, సర్వరు ఏ ఊళ్లో ఉంది? బ్యాకప్ ఎక్కడ ఉంచుతారు, తిరిగి పెట్టమంటే డబ్బు తీసుకుంటారా? ఆదివారం సైటు ఆగితే మనిషి పలుకుతాడా? చివర్లో మరొకటి: "రేపు మీ దగ్గర కుదరక వెళ్లిపోతే, మా సైటంతా మాకు అప్పగించడానికి ఏం తీసుకుంటారు?" ఈ ఆఖరి ప్రశ్నకు సేల్స్ కుర్రాడు వెంటనే జవాబివ్వలేకపోయాడు. పైవాళ్లను కనుక్కుని, ఏమీ తీసుకోమని మెయిల్లో రాసిచ్చాడు. ఆవిడ ఆ మెయిలు దాచుకున్నారు.

ఊరు అడగడంలో తెలివి ఉంది. ఫైబర్ తీగలో వెలుతురు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. విజయవాడ నుంచి నన్ను పలకరించి వెనక్కి వెళ్లడం రెప్పపాటు పని. అదే సర్వరు అమెరికాలో ఉంటే ఒక్కో రాకపోకకు సెకనులో అయిదో వంతు దాటిపోతుంది. ఒక పేజీ తెరవాలంటే అలాంటి రాకపోకలు చాలా కావాలి. మరి డాలస్‌లో ఉన్న మన ఆడపడుచులు చీరలు చూసేదెలా అంటారా? దానికి సీడీఎన్ ఉంది. బొమ్మల నకళ్లు వాళ్ల ఊరి దగ్గరే పెట్టి చూపిస్తుంది.

'అన్‌లిమిటెడ్' మాట సంగతి శ్రావణమాసంలో తేలింది. వరలక్ష్మీ వ్రతానికి ముందు వారం, రాత్రి తొమ్మిది దాటాక, నిజాం అంచు చీరల పేజీ లింకు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. నా లాగ్‌లో వరసలు వరసలుగా ఫోన్లు వచ్చిపడ్డాయి. పేజీలో 40 చీరలు, ఒక్కొక్కటీ ఫోన్‌తో తీసి అలాగే ఎక్కించిన 4 ఎంబీల ఫొటో. అంటే పేజీ మొత్తం 160 ఎంబీలు! డిస్కు మీద చోటు నిజంగానే బోలెడుంది. కానీ ఒక ఖాతా ఒకేసారి నడపగల పనులకు నా దగ్గర 20 అని హద్దుంది. అది దాటగానే వచ్చినవాళ్లకు చీరల బదులు 508 అనే ఎర్రరు కనిపించింది. హద్దుల జాబితా కంపెనీ సైట్లో ఒక మూల ఉంటుంది. 'అన్‌లిమిటెడ్' మాత్రం మొదటి పేజీలో ఉంటుంది.

మర్నాడు సైటు కట్టిన గుంటూరు కుర్రాడు ఒక్కో ఫొటోను 150 కేబీలకు కుదించి, పేజీని ప్రతిసారీ కొత్తగా వండనక్కర్లేకుండా క్యాషింగ్ పెట్టాడు. 160 ఎంబీలు 6 ఎంబీలయ్యాయి. పెద్ద ప్లాన్ అమ్మచూపిన మా సేల్స్ వాళ్లు నిరాశపడ్డారు గానీ, నా ప్రాణం హాయిగా ఉంది.

99.9 శాతం అప్‌టైమ్ అంటారు కదా, ఆ మిగిలిన 0.1 శాతం కూడా లెక్కేయండి. ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాలు. హామీ తప్పితే సాధారణంగా బిల్లులో కొంత తగ్గిస్తారు. పోయిన బేరం ఎవరూ కట్టివ్వరు. సైటుకూ బ్రౌజరుకూ మధ్య మాటలను రహస్యంగా ఉంచే ఎస్‌ఎస్‌ఎల్‌కు విడిగా డబ్బడిగితే ఒకసారి ఆలోచించండి. 2015 నుంచీ లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లు ఉచితంగా ఇస్తోంది.

ఇంతకన్నా పెద్ద దెబ్బ నా తప్పు లేకుండానే తగిలింది. ఒక ఉదయం ఆ చీరల సైటుకు వచ్చేవాళ్లు ఒక్కసారిగా ఆగిపోయారు. నేను బాగానే ఉన్నాను, ఫైళ్లూ పదిలంగా ఉన్నాయి. కొట్టు పేరుతో ఉన్న మెయిలు కూడా మూగబోయింది. అప్పుడు ఆవిడ తన సొంత జీమెయిల్ నుంచి ఆ గుంటూరు కుర్రాడికి రాసిందీ, అతనిచ్చిన జవాబూ తర్వాత నా దగ్గరికి చేరాయి.

"తమ్ముడూ, సైటు రావట్లేదయ్యా. కొట్టుకొచ్చినావిడ ఫోన్లో చూపిస్తే ఏవో యాడ్లు కనపడుతున్నాయి. కాస్త చూసిపెట్టు."

"అక్కా, సర్వరు బాగానే ఉంది. డొమైన్ గడువు అయిపోయింది. అప్పట్లో తొందరలో నా పేరు మీదే తీశాను. దానికిచ్చింది నా కాలేజీ మెయిలు. చదువు అయిపోయాక అది తీసేశారక్కా."

డొమైన్ పేర్లు అమ్మే రిజిస్ట్రార్లు గడువుకు నెల ముందొకసారి, వారం ముందొకసారి గుర్తుచేయాలని, ఆ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ నియమం. గుర్తుచేశారు కూడా. ఆ మెయిళ్లు చదివేవాళ్లు లేరు. డాట్ కామ్ పేరుకు గడువు తీరాక సాధారణంగా కొన్నాళ్లు మామూలు రుసుముతో దక్కించుకునే వీలుంటుంది. అదీ దాటితే 30 రోజుల రిడెంప్షన్, దానికి అదనపు రుసుము. ఆ తర్వాత 5 రోజులకు పేరు బజారున పడుతుంది, ఎవరైనా కొనుక్కోవచ్చు. ఆ కుర్రాడు మంచివాడు, తప్పించుకు తిరగలేదు. గుర్తింపు కాగితాలు పంపి, రిజిస్ట్రార్‌ను ఒప్పించి, డొమైన్‌ను ఆవిడ పేరు మీదికి మార్పించాడు. ఫోన్ ఎత్తని డిజైనరైతే ఏమయ్యేదో ఊహించుకోండి.

నా మీదా గుడ్డి నమ్మకం పెట్టుకోకండి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ ఒకటి కాలి బూడిదైంది. సైటూ దాని బ్యాకప్పూ ఆ ఆవరణలోనే ఉంచుకున్నవాళ్లలో చాలామందికి రెండూ పోయాయి. మంగళగిరి ఆవిడ నెలకోసారి పూర్తి నకలు దింపుకుని గల్లాపెట్టెలో ఉన్న డ్రైవులో దాచుకుంటారు.

నాకూ వయసు మీదపడింది. త్వరలో నా డిస్కులు తుడిచి నన్ను తుక్కుకు పంపుతారు. వాటాలవాళ్లను కొత్త సర్వరు మీదికి మారుస్తారు. ఆవిడకు నచ్చితే అక్కడుంటారు, లేదంటే ఇంకో కంపెనీకి వెళ్తారు. పేరు ఆవిడ చేతిలో ఉంది, నకలు ఉంది, రాసిచ్చిన మెయిలుంది. అందుకే బేరమాడేటప్పుడు ఆవిడ మాటకు బలం ఉంటుంది. హోస్టింగ్ కంపెనీని ఎంచుకునేటప్పుడు దాన్ని వదిలి వెళ్లడం ఎంత తేలికో ముందు చూసుకోండి. మీకు ఇప్పటికే సైటుంటే ఈ పూటే డొమైన్ ఖాతా తెరిచి, యజమానిగా ఎవరి పేరుందో, ఏ ఈమెయిలుందో చూడండి. అవి మీవి కాకపోతే ముందు వాటిని మార్పించుకోండి. ఏ కంపెనీ మంచిదన్న చర్చ ఆ తర్వాత పెట్టుకోవచ్చు.