‘బేసు రాదు’ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరిది మెదక్ సీమలోని కొలిచెలమ, ఇప్పటి కొల్చారం. మూలంలో లేనిదీ, అక్కర్లేనిదీ రాయనని ఆయన నియమం పెట్టుకున్నాడు. ప్రస్తుత వ్యాఖ్యాతకు అంత నిగ్రహం లేదు. మూలకర్త పెళ్లిళ్లకు డిజైర్ కారు తిప్పే ఒక కుర్రాడు. పద్యం పుట్టిన చోటు నల్లగొండ పక్కన పానగల్, ఉదయ సముద్రం కట్టకు దగ్గర్లో ఒక కారు సెట్ల దుకాణం. శ్రోత మెకానిక్. అప్పటికే డిక్కీలో తల దూర్చి ఉన్నాడు.

మూలం:
అన్నా! నిన్న రాత్రి దాంక దంచింది సెట్టు,
ఇయ్యాల బేసు రాదు, గెయిను ఫుల్లు వెట్టిన,
డిక్కీ గడగడంటది, పాట గుసగుసంటది,
పెద్ద వూఫరేసెయ్, పైసల సంగతి తర్వాత.

ఛందస్సు ఏదని అడగవద్దు. బరాత్ బయానా తీసుకున్నవాడికి గణాలు కుదరవు.

ప్రతిపదార్థం: అన్నా = ఓ మెకానికూ! సంబోధన ప్రథమా విభక్తి. వయసుతో నిమిత్తం లేదు, పైగా ఇందులో అప్పు ధ్వనిస్తోంది. నిన్న రాత్రి దాంక = బరాత్ ముగిసే వరకు. దంచింది = ఇరుగుపొరుగు కిటికీలు వణికేట్టు మోగింది.

గెయిను ఫుల్లు వెట్టిన = ఇక్కడ కాస్త ఆగాలి. గెయిన్ అంటే వాల్యూమ్ అని లోకంలో ఒక భ్రాంతి ఉంది. అది డెక్కు నుంచి వచ్చే సిగ్నల్‌కు యాంప్‌ను సరిపెట్టే మర మాత్రమే. చివరిదాకా తిప్పితే యాంప్ తన శక్తికి మించిన అలను మోయలేక దాని తల నరికేస్తుంది. ఆ చదును తలల అలలు వూఫర్ కాయిల్‌ను కాలుస్తాయి. డిక్కీ తెరవగానే మాడిన వాసన వస్తే వ్యాఖ్యానం అక్కడితో సమాప్తం. అదృష్టవశాత్తు మన మూలకర్త డిక్కీలో మల్లెపూల వాసనే ఉంది.

బేసు రాదు = పూర్వపక్షం: వూఫర్ పోయింది. సిద్ధాంతం: పోలేదు. ప్రమాణం మూలంలోనే ఉంది, డిక్కీ గడగడంటది. పగలు తినని దేవదత్తుడు లావుగా ఉంటే రాత్రి తింటున్నాడని మీమాంసకులు తేల్చినట్టే, రేకు వణుకుతోందంటే వూఫర్ కదులుతోందని తేలుతుంది. దీన్ని అర్థాపత్తి అంటారు. కదులుతూ కూడా ఎందుకు వినపడదు? డబ్బాలో వూఫర్లు రెండు. ఒకదానికి ప్లస్ మైనస్ తారుమారైతే అది లోపలికి పీల్చినప్పుడు రెండోది బయటికి నెడుతుంది. 50 హెర్ట్జ్ బేసు అల పొడవు దాదాపు 7 మీటర్లు, కారు మొత్తం 4 మీటర్లు కూడా లేదు. జానెడు ఎడంలో ఉన్న రెండు కోన్లు అంత పొడవైన అలను ఎదురెదురుగా పుట్టిస్తే ఒకదాన్నొకటి మింగేస్తాయి. చప్పుడు ప్లస్ చప్పుడు, మౌనం.

పానగల్‌లో ఉంటూ దీనికి ఆశ్చర్యపోకూడదు. ఇక్కడి ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక గోడ మీద పగలంతా ఒక నీడ నిలిచి ఉంటుంది. ఎదుటి స్తంభాల్లో అది దేనిదో వేలు పెట్టి చూపడం చూసినవాడి తరం కాదు. ఈ గుడి కట్టిన కందూరు చోడులు వెలుగుతో చేసిన పని మనవాడు వైర్లతో చేశాడు, తెలియకుండా.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో రెండో పాదం తర్వాత ‘నడుమ వైరూడితే మా బామ్మర్ది పెట్టిండు’ అని ఉంది. దీన్ని ప్రక్షిప్తమని కొట్టేయరాదు. మూలకర్తలు ఈ పాదాన్ని ఎప్పుడూ దాస్తారు. మెకానిక్ మూడుసార్లు అడిగితేనే బయటపడుతుంది.

పాట గుసగుసంటది = డెక్కులో సబ్ అవుట్‌పుట్ ఆఫ్ అయి ఉందేమో మొదట చూడాలి. పిల్లలు ఎక్కిన కారైతే మరీను. అది కాకుంటే కరెంటు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు 14 అటూ ఇటూ చూపాలి. దరువు పడ్డప్పుడల్లా మీటరు దభాలున దిగితే దోషం ఎర్త్‌లో ఉండొచ్చు. ఎర్త్ వైరును పెయింటు మీద బిగించి చేతులు దులుపుకునేవాళ్లే ఎక్కువ. రేకు తళుక్కుమనేదాకా గీకాలి. వైరు పవర్ వైరంత లావుండాలి, మూరెడు మించకూడదు. పైన రాగి పూసిన అల్యూమినియం వైరును రాగి ధరకు కొన్నవారి గురించి విడిగా ఒక విలాప కావ్యం రాయొచ్చు.

పెద్ద వూఫరేసెయ్ = ప్రార్థనార్థకం. సర్వ దోషాలకూ కొనుగోలే మందనే ఈ మతాన్ని వ్యాఖ్యాత అంగీకరించడు. అదే ఎర్త్ మీద, అదే తారుమారు వైర్ల మీద పెద్దది వేస్తే మౌనం కూడా పెద్దదే వస్తుంది.

అలంకారం: కారణం నిండుగా ఉన్నా కార్యం పుట్టకపోవడం విశేషోక్తి. గెయిన్ ఫుల్లు, బేసు నిల్లు. ఆలంకారికులు ఇంతకన్నా మంచి ఉదాహరణ చూసి ఉండరు.

తాత్పర్యం: మెకానిక్ యాంప్ వైర్లు ఊడదీసి, గోడ గడియారంలోని ఒకటిన్నర వోల్టుల సెల్లు తెచ్చి, ప్లస్‌ను ప్లస్‌కు, మైనస్‌ను మైనస్‌కు తాకించాడు. మొదటి కోను టక్కున బయటికి ఉబికింది. రెండోది లోపలికి కుంగింది. దాని రెండు వైర్లు అటుదిటు చేసి, గెయిన్ సగానికి దించి, పాట పెట్టాడు. నంబర్ ప్లేటు కూడా తాళం వేసింది. దాని వెనక స్పాంజి ముక్క అంటించాడు.

ఫలశ్రుతి: ఈ పద్యం పఠించినవారికి బేసు సిద్ధిస్తుంది. అయితే 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఇళ్ల మధ్య హద్దు 45 డెసిబెల్స్. ఆ వేళల్లో పఠిస్తే వ్యాఖ్యానం పోలీసులు చేస్తారు.

ఉత్తర పద్యం: ‘రెండు వైర్లు తిప్పినందుకు రెండొందలా అన్నా?’ దీనికి టీక రాయడానికి మెకానిక్ ఒప్పుకోలేదు.