బొగ్గు గని మూసి, జేబుల గని తవ్వి

దక్షిణ కొరియాలో జూదం నేరం. పౌరుడు విదేశానికి పోయి ఆడినా ఆ చట్టం అతన్ని వెంటాడుతుంది. అదే పని జొంగ్సొన్ కొండల్లోని కాంగ్వన్ ల్యాండ్‌లో జరిగితే మాత్రం ప్రాంతీయాభివృద్ధి అనిపించుకుంటుంది, ఎందుకంటే దేశంలోని తక్కిన కాసినోలు విదేశీయులకే పరిమితం కాగా, స్వదేశీయులను రానిచ్చే ఈ ఒక్కదానిలో సగానికి పైగా వాటా ప్రభుత్వ రంగానిదే. కంచె చేను మేయడం పాత ముచ్చట. ఇక్కడ కంచె చేనులో వాటా కొనుక్కుంది.

1989లో మొదలైన బొగ్గు పరిశ్రమ ‘హేతుబద్ధీకరణ’, అనగా గిట్టుబాటు కాని గనుల మూసివేతకు పెట్టిన మర్యాద పేరు, అదే కొండల్లోని సాబుక్, గోహాన్ గని పట్టణాల పొట్ట కొట్టింది. 1995లో అక్కడి జనం వీధికెక్కగా, ప్రభుత్వం ఆ ఏడాదే పదేళ్ల గడువుతో ప్రత్యేక చట్టం చేసి, 2000లో కాసినో తెరిచింది. కొందరికి ఉద్యోగాలు దొరికిన మాట నిజమే. అయితే కొండ దిగువన సాబుక్ వీధిలో వరసగా వెలసినవి కార్ఖానాలు కావు, తాకట్టు కొట్లు. తాళాలు అప్పగించి పైకెళ్లినవారు విడిపించుకోలేని కార్లు ఆ పరిసరాల్లో దుమ్ము కప్పుకొని, టైర్లలో గాలి దిగి, యజమానుల కోసం ఎదురుచూశాయి.

38 గడుల రూలెట్ చక్రంలో ఒక అంకె మీద పందెం కాసి గెలిస్తే 37 రెట్లు రావలసిన చోట 35 రెట్లే చేతికి వస్తాయి కనుక, ఒడ్డిన ప్రతి నూరులో సగటున ఐదుకు పైగా ఆట పెట్టినవారికే మిగులుతుంది. ఓటింగు లేకుండా, రసీదు లేకుండా వసూలయ్యే పన్ను ఇది. ఒకరి వ్యాపారం వల్ల పుట్టి మరొకరి నెత్తిన పడే ఖర్చును అర్థశాస్త్రం బాహ్య వ్యయం అంటుంది. ఆటగాడి ఇంట్లో అప్పుల చిట్టాగా పెరిగే ఆ ఖర్చు కాసినో జమాఖర్చుల్లో కనిపించదు.

సర్కారుకు దయ లేదనడం అన్యాయం. నెలకు 15 రోజులకు మించి లోపలికి రానివ్వరాదన్న నియమం ఉంది, అనగా సగం నెల ఆడేవాడు వినోదప్రియుడు, 16వ రోజు వచ్చినవాడే వ్యసనపరుడు. అతనికి సలహా చెప్పే వ్యసన నివారణ కేంద్రాన్ని నడిపేదీ కాసినో సంస్థే.

పదేళ్లకని చేసిన ఆ ప్రత్యేక చట్టాన్ని పొడిగిస్తూ పొడిగిస్తూ, 2021లో 2045 దాకా సాగదీశారు.