రెండు రాత్రుల్లో జెజు మొత్తం

జెజు దీవికి రెండు రాత్రులు, మూడు పగళ్లు చాలు. వారం కావాలనేవాళ్లు సెలవులు ఎక్కువైనవాళ్లు. పటంలో చూడండి, దక్షిణ కొరియా కాళ్ల దగ్గర ఆవగింజంత ఉంటుంది. తూర్పు కొస నుంచి పడమటి కొసకు 73 కిలోమీటర్లనీ, నడిమధ్యన 1,947 మీటర్ల హల్లాసాన్ అగ్నిపర్వతం బాసింపట్టు వేసుకుని కూర్చుందనీ మీకు తెలిసినా ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి. దూరాలు తెలిస్తే జనం ప్రశ్నలు వేస్తారు. ప్రశ్నలు వేస్తే ప్లాను సాగదు.

మొదటి రోజు ప్లాను ఇదీ. తెల్లవారుజామున తూర్పు కొసన సొంగ్‌సాన్ ఇల్చుల్‌బొంగ్ మీద సూర్యోదయం, మధ్యాహ్నం హల్లాసాన్ శిఖరం, సాయంత్రం పడమటి కొసన సువొల్‌బొంగ్ దగ్గర సూర్యాస్తమయం. మధ్యలో రెండు జలపాతాలు, ఒక టెడ్డీబేర్ మ్యూజియం. ఇల్చుల్‌బొంగ్ పైకెక్కే దారిని నెలకోసారి, మొదటి సోమవారం మూసేస్తారు. మీరు ఆ సోమవారమే పెట్టుకోండి, రద్దీ బొత్తిగా ఉండదు.

హల్లాసాన్ విషయంలో జనం అనవసరంగా భయపెడతారు. శిఖరం దాకా పోయే దారులు రెండే, సొంగ్‌పానాక్, గ్వానుమ్సా అని. రెంటికీ ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలని. సొంగ్‌పానాక్ దారి పైకే 9.6 కిలోమీటర్లు, ఎక్కి దిగడానికి తొమ్మిది గంటలు పడుతుందని. మధ్యలో ఉన్న విడిదిని చెప్పిన వేళలోపు దాటకపోతే, మీరు ఏ ఊరి సర్పంచి గారి తమ్ముడైనా సరే, వెనక్కి పంపేస్తారని. ఇవన్నీ నిజమే. కాబట్టి హోటల్లో బ్రేక్‌ఫాస్ట్ ఉచితం గనక కడుపారా తిని, పదకొండింటికి చెప్పులు వేసుకుని బయల్దేరండి. గేటు దగ్గర తీసుకున్న ఫొటోకీ శిఖరం మీద తీసుకున్న ఫొటోకీ ఫోన్ తెర మీద పెద్ద తేడా ఏముంటుంది, రెంట్లోనూ ఉండేది పొగమంచే కదా.

ఇక వీసా. భారతీయులకు జెజులో 30 రోజుల వరకు వీసా అక్కర్లేదన్న వాక్యం మీరు ఎక్కడో చదివే ఉంటారు. చదవడం అక్కడితో ఆపేయాలి. దాని కింద ఇంకో వాక్యం ఉంటుంది: వేరే దేశం నుంచి నేరుగా జెజులో దిగినవాళ్లకే ఆ వెసులుబాటు, అది ఆ దీవికే పరిమితం. ఆ వాక్యం దాకా వెళ్లినవాళ్లు హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో సింగపూర్ వెళ్లి, అక్కడ జెజు విమానం ఎక్కుతారు. మీరు మాత్రం టికెట్ కాస్త తక్కువకు వస్తోందని సోల్ మీదుగా కొనండి. కొరియా వీసా లేకుండా ఇంచియాన్ విమానాశ్రయంలో దిగి, కౌంటర్‌లో ఉన్న అధికారికి వీసా రూల్సు మీరే నేర్పండి. అంత దూరం కూడా వెళ్లనక్కర్లేదు లెండి, శంషాబాద్‌లో బోర్డింగ్ పాస్ ఇచ్చేచోటే ఆపేస్తారు. హోటల్ ఖర్చు, తిండి ఖర్చు మొత్తం మిగిలినట్టే.

కాదు, సింగపూర్ మీదుగానే వెళ్తామంటారా? సరే, ఆ దారికీ ఒక కిటుకు ఉంది. జెజులో దిగి, అక్కడి నుంచి లోకల్ ఫ్లైట్‌లో సోల్ చెక్కేయడం. జెజు, సోల్‌లోని గింపో మధ్య దారి ప్రపంచంలోకెల్లా రద్దీ అయిన విమాన మార్గం. అన్ని విమానాల్లో మనల్ని ఎవరు చూస్తారు? చూస్తారు. పాస్‌పోర్టు చూస్తారు, ఏ అనుమతితో వచ్చారో చూస్తారు. కానీ ఇది ముందే తెలిస్తే థ్రిల్లు ఉండదు.

జెజు ఇమిగ్రేషన్‌లో తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ అడగవచ్చు, ఎక్కడెక్కడ తిరుగుతారో చెప్పమనవచ్చు. సరైన సమాధానం రాకపోతే వచ్చిన విమానంలోనే వెనక్కి పంపడం అక్కడ కొత్త కాదు. అందుకని కాగితాలన్నీ వేరే లైన్లో నిలబడ్డ బావమరిది ఫోన్‌లో ఉంచండి. ఆ ఫోన్‌కు రోమింగ్ వేయించకండి. రూల్సు మారుతుంటాయి గనక ఎంబసీ సైటు చూడటం దండగ. మూడేళ్ల కిందట వెళ్లొచ్చిన పిన్నిగారి అల్లుడిని అడగండి, ఆయన ఎప్పుడూ తెలియదనడు.

ఏ కాలంలో వెళ్లాలి? వసంతంలో పొలాలు ఆవపూల రంగులో పచ్చగా విరబూస్తాయి, నవంబరు నుంచి నారింజ తోటలు కాపుకొస్తాయి. ఆ రోజుల్లో అందరూ వెళ్తారు. మీరు జూన్‌లో మొదలయ్యే వానల్లో గానీ, ఆగస్టు, సెప్టెంబరుల్లో తుపాన్ల మధ్య గానీ వెళ్లండి. జనవరి కూడా మంచిదే. 2016 జనవరిలో మంచు తుపానుకు విమానాశ్రయం దాదాపు రెండు రోజులు మూతబడి, వేల మంది పర్యాటకులు అట్టపెట్టెలు పరుచుకుని నేల మీద పడుకున్నారు. ఇక్కడ పుష్కలంగా దొరికేవి మూడని జెజువాళ్లు చెప్పుకుంటారు: రాళ్లు, గాలి, ఆడవాళ్లు. అందులో రెండోది ఎయిర్‌లైన్ టైంటేబుల్ చదవదు. అయినా మీ తిరుగు ప్రయాణంలో సింగపూర్‌లో గంట కన్నా ఎక్కువ గ్యాప్ ఉంచుకోకండి. మర్నాడు పొద్దున్నే ఆఫీసులో ముఖ్యమైన మీటింగు కూడా ఒప్పేసుకోండి.

కారు అద్దెకు తీసుకోవాల్సిందే. ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అని ఒక చిన్న పుస్తకం ఇస్తారు. అది లేకుండా అక్కడ తాళం చేతికి రాదు. దాని కోసం ఒక పూట పాడుచేసుకునే బదులు, మన స్మార్ట్ కార్డు లైసెన్సు మీద చిప్పు చూపించి వాదించండి. అక్కడ కుడివైపు నడపాలి, స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. ఇండికేటర్ వేయబోతే వైపర్ ఆడుతుంది. ఎండలో వైపర్లు ఆడుతూ వస్తున్న కారు కనిపిస్తే ఊరివాళ్లు తప్పుకుంటారు. అదొక సౌకర్యం. దారికి గూగుల్ మ్యాప్స్‌నే నమ్మండి. వివరమైన మ్యాప్ డేటాను కొరియా ప్రభుత్వం దేశం దాటనివ్వకపోవడంతో ఏళ్ల తరబడి అందులో డ్రైవింగ్ దారే వచ్చేది కాదు. స్థానికులు నేవర్ మ్యాప్, కకావో మ్యాప్ వాడతారు. కారులోని నావిగేషన్‌కైతే కొరియన్ అక్షరం రాకపోయినా, చేరాల్సిన చోటి ఫోన్ నంబరు కొడితే చాలు, తీసుకెళ్తుంది. ఇంత సులువైతే రాత్రి పదింటికి పొలం గట్టు మీద కారు ఆపి ఒకరినొకరు తిట్టుకునే అవకాశం ఏది?

201 నంబరు బస్సు తూర్పు తీరం వెంట, 202 పడమటి తీరం వెంట తిరుగుతాయి. ఎక్కకండి. బస్సెక్కితే ఊళ్లు కనిపిస్తాయి. 2007లో సొ మ్యొంగ్-సుక్ అనే జర్నలిస్టు మొదలుపెట్టిన ఓల్లె కాలిబాటలు ఇప్పుడు దీవి చుట్టూ 437 కిలోమీటర్లు ఉన్నాయి, నీలం, నారింజ రిబ్బన్లు దారి చూపిస్తాయి. నడక మనకు డాక్టరు చెప్పిన తర్వాతి పని, ముందు పని కాదు.

తిండి దగ్గర అస్సలు రాజీ పడొద్దు. పెద్ద సూట్‌కేసు నిండా పచ్చళ్లే పెట్టండి, ముఖ్యంగా చికెన్ పచ్చడి. మాంసంతో చేసినవేవీ కొరియాలోకి తేకూడదు, చెప్పకుండా తెస్తే జరిమానా. అందుకే సీసా మీద గోంగూర అని రాయండి, కస్టమ్స్ వాళ్లకు తెలుగు రాదుగా. సీసా మూత తీసి వాసన చూడటం మాత్రం వచ్చు. హోటల్ గదిలో ఇండక్షన్ స్టవ్ పెట్టి పోపు వేస్తే పొగ అలారం మోగుతుంది. మోగితేనే పోపు కుదిరినట్టు లెక్క.

శాకాహారులకు ప్రత్యేక సూచన: వెజ్ అంటే చాలు, ప్రపంచమంతా అర్థమవుతుంది. ఆకుకూర పులుసు తెచ్చిపెడతారు, దాని రసం ఎండు నెత్తళ్లతో కాచింది. కిమ్చీ కాయగూరేనని లాగించండి. ఉప్పు రొయ్యలు, చేపల సాస్ అందులో పడతాయన్న సంగతి ఇంటికొచ్చాక తెలిస్తే ప్రాయశ్చిత్తం ఒక్కసారి చేసుకుంటే సరిపోతుంది. మాంసం తినేవాళ్లకు నల్ల పంది మాంసం ఉంది. మందపాటి ముక్కలు నిప్పుల మీద కాలుస్తూ, ఊరబెట్టిన నెత్తళ్ల చారు పక్కనే మరిగించి అద్దుకోమంటారు. అది నిజంగా బాగుంటుంది. అందుకే చెప్పడం లేదు, మీరు ఇండియన్ రెస్టారెంట్ వెతుక్కోండి.

ఇక హేన్యోలు. ఆక్సిజన్ సిలిండర్ లేకుండా పది మీటర్ల లోతుకు దిగి నత్తలు, గవ్వలు, సముద్రపు నాచు తెచ్చే ఆడవాళ్లు. 2016లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కారు. ఒకప్పుడు పది వేలు దాటిన లెక్క ఇప్పుడు మూడు వేలు కూడా లేదు, ఉన్నవాళ్లలో ఎక్కువ మంది అరవై దాటినవాళ్లు. నీళ్లపైకి రాగానే బిగబట్టిన ఊపిరి వదిలేటప్పుడు ఈల లాంటి శబ్దం వస్తుంది. సరిగ్గా ఆ క్షణంలోనే ‘ఆంటీ, ఒక్క సెల్ఫీ’ అని అరవండి. సిలిండర్ ఎందుకు పెట్టుకోరని ఎగతాళిగా అడగండి. పెట్టుకుంటే ఎంతసేపైనా లోపలే ఉండి సముద్రాన్ని ఊడ్చేయవచ్చు గనక వద్దనుకున్నామని వాళ్లు చెప్పేలోపు మీరు అక్కడినుంచి వెళ్లిపోవాలి, జవాబులకు ప్లానులో టైం లేదు. రాళ్ల మధ్య మీకూ గవ్వలు కనిపిస్తే ఏరుకోండి. ఆ నీళ్లు ఆ ఊరి హేన్యోల ఉమ్మడి పొలమని, బయటివాళ్లు ఏరితే కేసని తర్వాత తెలుస్తుంది.

జెజులో జరిగే కొరియన్ సీరియల్ ‘వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరిన్స్’ చూసి ఏడ్చినవాళ్లు మన ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్లను తప్పకుండా తీసుకెళ్లి, ఏ పాత రాతిగోడ ఇల్లు కనిపించినా లోపలికి పంపండి. జెజులో పాత ఇళ్ల ముందు గేట్లుండేవి కావు, రెండు రాతి స్తంభాల మధ్య మూడు కర్రలు ఉండేవి. ఒక కర్ర అడ్డంగా ఉంటే ఇంటివాళ్లు పక్కింటిదాకా వెళ్లారని, రెండుంటే కాస్త ఆలస్యమవుతుందని, మూడూ ఉంటే దూరం పోయారని. ఊరంతా చదవగలిగిన ఈ భాషను మీరు ఒక్క గెంతుతో దాటేయగలరు. గోడమీంచి వేలాడే నారింజలు కూడా కోసుకోండి. ఒకప్పుడు కొన్ని నారింజ చెట్లుంటే పిల్లల కాలేజీ ఫీజులు గడిచిపోయేవట, అందుకే దాన్ని కాలేజీ చెట్టు అనేవారు. అంత డబ్బున్నవాళ్లు రెండు కాయలకు ఏమీ అనుకోరు.

ఒక చోటు మాత్రం ప్లానులోంచి కొట్టేయండి, 4·3 శాంతి పార్కు. 1948 ఏప్రిల్ 3న ఇక్కడ తిరుగుబాటు లేచింది. దాన్ని అణచే పేరుతో సాగిన ఊచకోతల్లో 25,000 నుంచి 30,000 మంది పోయారని అంచనా, దీవి జనంలో దాదాపు పదో వంతు. తర్వాత దశాబ్దాల పాటు ఆ మాట ఎత్తనివ్వలేదు. 1978లో దాని మీద కథ రాసినందుకు హ్యోన్ కి-యోంగ్‌ను పట్టుకెళ్లి చిత్రహింసలు పెట్టారు. అధ్యక్షుడు రో మూ-హ్యోన్ క్షమాపణ చెప్పింది 2003లో. 2007 నుంచి విమానాశ్రయం రన్‌వే పక్కన తవ్వితే వందల మంది ఎముకలు బయటపడ్డాయి. మీ విమానం దిగేది అక్కడే. మీరు ఆ పాత పద్ధతే కొనసాగించండి: అడగకండి, చెప్పనివ్వకండి. నోబెల్ వచ్చిన హాన్ కాంగ్ దీని మీదే నవల రాసిందని అమ్మాయి అంటే, ట్రిప్పులో అవేం మాటలని కసరండి. టెడ్డీబేర్ మ్యూజియానికి ఇంకో అరగంట దొరుకుతుంది.

తిరిగొచ్చేటప్పుడు చుట్టాలకు ఏదో ఒకటి తేవాలి కదా. దుకాణాల్లో కొనకండి, చిల్లులు చిల్లులుగా ఉన్న నల్ల లావా రాళ్లు తీరం నిండా ఊరికే పడి ఉంటాయి. దీవి రాయిని దీవి దాటించకూడదని అక్కడ చట్టం ఉంది, విమానాశ్రయంలో పట్టుకుంటారు కూడా. పది రాళ్లు ఏరి, పిల్లాడి బ్యాగులో అడుగున పెట్టండి. స్కానర్ దగ్గర అడిగితే ‘మావాడు తెలియక పెట్టాడు’ అనండి. మీవాడు పక్కనే ఉంటాడు, వాడికి స్కూల్లో ఇంగ్లిషు బాగా నేర్పించారు, ఎవరు పెట్టారో ఆఫీసరుకు వివరంగా చెబుతాడు.