పన్నెండో నెల ఎక్కడికి పోయింది?

హైదరాబాద్‌లో అద్దెకుండేవాళ్లకు ఏడాదికి పదకొండు నెలలే. చైత్రం నుంచి ఫాల్గుణం దాకా పంచాంగకర్త ఎంత జాగ్రత్తగా పన్నెండు లెక్కపెట్టినా, అగ్రిమెంటు కొట్టే జిరాక్స్ షాపు కుర్రాడు అందులో ఒకటి ఎగరగొట్టేస్తాడు. ఎందుకయ్యా అంటే "అందరికీ అంతే సార్" అంటాడు. రాజ్యాంగాన్ని ఇప్పటికి వందసార్లకు పైగా సవరించారు. ఆ కుర్రాడి కంప్యూటర్లోని మూడు పేజీలను ఎవరూ సవరించలేదు. పేర్లు, ఇంటి నంబరు, అద్దె మారతాయంతే. తొందరలో ఉంటే అవీ మారవు. రెండో పేజీ దగ్గరికొచ్చేసరికి మనం పాత కిరాయిదారు పేరుతో "ఇంటిని శుభ్రంగా ఉంచుతాను" అని ఒట్టు పెడుతుంటాం.

ఈ పదకొండుకు మూలపురుషుడు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేసి తీరాలని దాని 17వ సెక్షన్ చెబుతుంది. ఏడాదికి మించకపోతే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు గడప తొక్కక్కర్లేదు, రిజిస్ట్రేషన్ ఫీజుల గొడవా లేదు. అలాంటప్పుడు ఏడాది అంచుదాకా పోవడమెందుకని ఒక నెల ముందే ఆగిపోయిన ఆ మేధావి ఎవరో తెలియదు. ట్యాంక్‌బండ్ మీద విగ్రహం పెట్టాల్సిన మనిషి.

అయితే కథలో అసలు మజా మన దగ్గరే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ కిటుకును పాతికేళ్ల కిందటే పసిగట్టింది. 1999లో ఆ సెక్షన్‌ని సవరించి, గడువు మాటే తీసిపారేసింది. స్థిరాస్తి లీజు అయితే చాలు, పదకొండు నెలలదైనా పదకొండేళ్లదైనా రిజిస్టర్ చేయాల్సిందే. సవరణ ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. తేదీ చూసి జనం పరాచికమనుకున్నారో ఏమో, పట్టించుకోలేదు. అంటే ఏ మినహాయింపు కోసం మనం పన్నెండో నెలను బలిస్తున్నామో, ఆ మినహాయింపే ఇక్కడ లేదు. బలి మాత్రం ఆగలేదు.

మరి నోటరీ ముద్ర, ఇద్దరు సాక్షులు, పేజీపేజీకీ సంతకాలు? ముద్ర గుండ్రంగా, అందంగా ఉంటుంది. రిజిస్టర్ కావలసిన పత్రం రిజిస్టర్ కాకపోతే, అందులోని షరతులకు దాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదని అదే చట్టం 49వ సెక్షన్ అంటుంది. ఇల్లు మీ స్వాధీనంలో ఉందని చూపించడం లాంటి పక్క పనులకు మాత్రం పనికొస్తుంది. ఇక మిగిలేది నెలవారీ అద్దె. దానికి 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ఇచ్చే రక్షణ పదిహేను రోజుల నోటీసు. పదకొండు నెలల భరోసా అనుకుని మనం ఫ్రేము కట్టించుకున్నది, విప్పి చూస్తే పక్షం రోజులు!

ఇంత తెలిసీ రిజిస్టర్ చేయిద్దామని ఓనర్‌తో అనిచూడండి. "మనలో మనకి అవన్నీ ఎందుకు బాబూ, నువ్వు మా అబ్బాయి లాంటివాడివి" అంటారు. అబ్బాయి లాంటివాడి దగ్గర రెండు నెలల అడ్వాన్స్ మాత్రం ముందే తీసుకుంటారు. హెచ్‌ఆర్‌ఏ కోసం పాన్ నంబరు అడిగిన మరుక్షణం ఆ పుత్రవాత్సల్యం కూడా ఇంకిపోతుంది. ఏడాది అద్దె లక్ష దాటితే పాన్ ఇవ్వాలన్నది ఆదాయపు పన్ను వారి నియమం. ఓనర్ ఆంటీ దృష్టిలో అది మన కుట్ర.

వాళ్ల భయమూ వాళ్లకుంది లెండి. పన్నెండేళ్లు ఒకే ఇంట్లో ఉంటే ఇల్లు కిరాయిదారుదైపోతుందని ఎవరో చెప్పి ఉంటారు. ఓనర్ అనుమతితో అద్దె కడుతూ ఉన్నవాడు ఎన్నేళ్లున్నా కిరాయిదారే, ఆ పన్నెండేళ్ల లెక్క వాడికి వర్తించదు. కానీ అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో వెలువడిన తీర్పు మీద అప్పీలు ఎక్కడ చేసుకుంటాం?

పోనీ అద్దె నియంత్రణ చట్టం కాపాడుతుందా అంటే, 1960 నాటి ఆ పెద్దాయన తెలంగాణలో ఇంకా ఉన్నారు. 2005 సవరణ పుణ్యమా అని, కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దె ఇళ్ల జోలికి రారు. కూకట్‌పల్లిలో ఆ డబ్బుకు ఇల్లు దొరికినవారెవరైనా ఉంటే వారికి చట్టం అవసరం లేదు, అదృష్టమే చాలు.

ఇప్పుడు పంచాంగానికి వద్దాం. మనవాళ్లు ఆషాఢంలో ఇల్లు మారరు. శ్రావణం రాగానే పాలు పొంగించి దిగుతారు. శ్రావణం నుంచి పదకొండు నెలలు లెక్కపెట్టండి. సరిగ్గా ఆషాఢంలో తేలతారు. అగ్రిమెంటు అయిపోయే నెలా, ఇల్లు కదలకూడని నెలా ఒక్కటే! పెట్టె సర్దుకోలేని ఆ మనిషి ముందుకు ఓనర్ అంకుల్ టీ కప్పుతో వచ్చి, "పది శాతం పెంచుదాం, అంతకన్నా అడగను" అంటారు. అధికమాసం వచ్చిన ఏడు లెక్క కాస్త జరగొచ్చు, అంకుల్ జరగరు. జిరాక్స్ కుర్రాడు మళ్లీ మూడు పేజీలు తీస్తాడు.

ఖాళీ చేసేటప్పుడు మరో ఘట్టం. అడ్వాన్స్‌లోంచి పెయింటింగ్‌కి ఒక నెల అద్దె కోత. గోడకు మేకు కొట్టనివారికీ అదే కోత. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో నివాసానికి డిపాజిట్ రెండు నెలల అద్దెకు మించకూడదని ఉంది. ఓనర్ ఇంట్లోకి రావాలంటే ఇరవై నాలుగు గంటల ముందు చెప్పాలనీ ఉంది. గడువు దాటినా ఖాళీ చేయకపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆపైన నాలుగింతలు అని కూడా ఉంది. నమూనా కాబట్టి, దాన్ని తెచ్చుకుని అమలు చేసుకోవాల్సింది రాష్ట్రాలే. మా ఓనర్లకు అందులో చివరిది ఒక్కటే కంఠతా వచ్చు.

కిరాయిదార్లకు ఒక మనవి. వీలైతే ఓనర్‌ని బతిమాలి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లండి. రానంటే, అడ్వాన్సూ అద్దే చేతికివ్వకుండా బ్యాంకు ద్వారానే పంపండి, తాళం తీసుకున్న రోజే గోడల ఫొటోలు తీసి ఆయనకే వాట్సాప్ చేయండి. బ్యాంకు స్టేట్‌మెంట్‌కు పన్నెండు నెలలూ ఉంటాయి.