శుక్రుడు వచ్చాకే పునాది

సొంతింటి పునాదికి మొదట కావలసింది జాగా, రెండోది డబ్బు, మూడోది శుక్రుడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో మొదటి రెండూ ఎలాగో కూడగట్టుకున్నవాళ్లు 2025-26 చలికాలమంతా మూడోదాని కోసం ఆగారు. నవంబర్ ఆఖరున కనుమరుగైన శుక్రుడు ఫిబ్రవరి నడుమ దాకా తిరిగి కనబడడని పంచాంగాలు రాశాయి, టీవీలు పొద్దున్నే చదివాయి, మిగతా పని వాట్సాప్ చూసుకుంది. మేస్త్రీ ఖాళీగా ఉన్నాడు, ఇసుక ట్రాక్టర్ దొరుకుతోంది, సర్కారు పథకంలో ఇందిరమ్మ ఇల్లు మంజూరైన కాగితం బీరువాలో ఉంది. శుక్రుడే లేడు.

నిజానికి ఈ మూడు జిల్లాల్లో పునాది తీయడానికి చలికాలాన్ని మించిన కాలం లేదు. గద్వాల, అలంపూర్ వైపు నల్లరేగడిలో వానాకాలం జేసీబీ దిగబడుతుంది. ఎండాకాలం అదే నేల నెర్రెలిచ్చి రాయిలా బిగుస్తుంది. కార్తీకం దాటి బురద ఆరాక, నెర్రెలు ఇంకా విచ్చకముందు ఉన్న కొన్ని వారాల్లోనే గుంత అంచులు కూలకుండా నిలుస్తాయి. నాగర్‌కర్నూల్ ఎర్రనేలల్లో ఇంత ఇబ్బంది లేదు గానీ అక్కడా తవ్వకం ఈ కాలంలోనే తేలిక. వరద తగ్గాక కృష్ణ, తుంగభద్ర నదుల్లో, దుందుభి వాగులో ఇసుక తేలుతుంది. వానలకు ఊరిన బోర్లలో నీళ్లుంటాయి. చలికాలానికి ఉన్న అసలైన అడ్డంకి ఒకటే: పత్తి ఏరుడు, వరి కోతలు, వెనకే యాసంగి నాట్లు వచ్చి కూలీలు దొరకరు. ఏ పంచాంగమూ దీన్ని లెక్కలోకి తీసుకోలేదు.

కాంక్రీటు సంగతి ఇంకా స్పష్టం. భారత ప్రమాణం ఐఎస్ 7861 కాంక్రీటుకు రెండు కష్టకాలాలను చెప్పింది: 40 డిగ్రీలు దాటిన వేడి, 5 డిగ్రీలకు దిగిన చలి. రెండోది ఈ జిల్లాలున్న పాలమూరు మైదానానికి పరిచయం లేదు. మొదటిది ప్రతి ఏప్రిల్, మే నెలల్లో ఇంటికొచ్చి కూర్చుంటుంది. చల్లని వాతావరణంలో పోసిన కాంక్రీటు కాస్త నిదానంగా గట్టిపడి, తర్వాత మంచి బలం పుంజుకుంటుంది. మండుటెండలో పోసింది తడి ఆరిపోయి, పైపొర పగుళ్లిస్తుంది. చలికాలాన్ని వదిలి ఎండాకాలంలోకి పోవడమంటే మంచి కాలంలోంచి చెడ్డ కాలంలోకి నడవడమే. దీనికి పెట్టిన పేరు శుభముహూర్తం.

ఇక శుక్రుడి సంగతి. 2026 జనవరి 6న ఆయన సూర్యుడికి అవతలి పక్కన, భూమికి సుమారు 25 కోట్ల కిలోమీటర్ల దూరాన నిలిచాడు. సూర్యకాంతిలో కలిసిపోయి అటు కొన్ని వారాలు, ఇటు కొన్ని వారాలు కంటికి ఆనలేదు. జరిగిందంతే. ప్రతి 584 రోజులకోసారి ఇలా జరుగుతూనే ఉంటుంది. ఆకాశంలో ఒక చుక్క కనబడకపోతే కొల్లాపూర్‌లో పార పట్టకూడదని తేల్చడానికి మధ్యలో ఏ వాదమూ అవసరం రాలేదు. 1959లోనే వనపర్తిలో పాలిటెక్నిక్ పెట్టారు. అక్కడ సివిల్ చదివి, మట్టి పరీక్షలు నేర్చి వచ్చిన కుర్రాడు కూడా నాన్న మాట కాదనలేక ఫిబ్రవరి కోసం క్యాలెండర్ తిప్పుతున్నాడు.

శుక్రుడు కనబడని ఈ కాలాన్నే మూఢం అంటారు. దానికి ఒక మినహాయింపు ఉంది. కొత్త పని మొదలుపెట్టకూడదు గానీ, మొదలైన పని సాగించవచ్చట. అందుకని తెలివైనవాళ్లు మూఢం రాకముందే పంతులును పిలిచి, ఈశాన్యాన మూరెడు గుంత తీయించి, నవధాన్యాలు వేసి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు ఇటుకలకు పసుపు రాసి గుంతలో పెట్టించారు. ఇల్లు మొదలైనట్టే! ఆ గుంతలో జనవరికల్లా కుక్క పడుకుంది. గ్రహాన్ని మూరెడు గుంతతో బురిడీ కొట్టించవచ్చని తెలిసినవాళ్లు ఆ గ్రహానికి అంతగా ఎందుకు భయపడాలో ఏ సిద్ధాంతీ చెప్పడు.

పోనీ ఈ ఒక్కసారి ఓర్చుకుంటే సరిపోతుందా అంటే, అదీ లేదు. శుక్రుడు ఫిబ్రవరి నడుమ బయటికొస్తాడు. మే 17 నుంచి అధిక జ్యేష్ఠం. జూన్ నడుమ దాకా పని వద్దు. జూలై నడుమ ఆషాఢం, శూన్యమాసం. ఆ నెల ఆఖరున గురుడు సూర్యుడి చాటుకు పోతాడు కనుక గురు మూఢం. శ్రావణంలో కాస్త సందు దొరికితే వాన దొరకనివ్వదు. తర్వాత భాద్రపదం. డిసెంబర్ నడుమకు మళ్లీ ధనుర్మాసం. వీటిలోంచి మంగళవారాలు, అమావాస్యలు, ఇంటాయన జన్మనక్షత్రానికి పడని రోజులు తీసేస్తే ఏడాదిలో మిగిలేవి ఎక్కువగా ఎండలు మండే రోజులే.

ఈ లెక్కలకు ఆగని పనులూ ఉన్నాయి. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు లేబర్ కావాలి. గుంపు మేస్త్రీ అడ్వాన్సు తీసుకుని భార్యాపిల్లలతో వలస పోయిన తాతలు నాగార్జునసాగర్‌లో రాయి మోశారు. ఆ డ్యామ్‌కు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. నడుమ పోయిన ధనుర్మాసాలెన్ని, మూఢాలెన్ని! నీళ్లు వదిలిన రోజు ఏదనుకుంటున్నారు? ఆషాఢ బహుళం, అమావాస్య రెండు రోజుల్లో ఉంది. డ్యామ్ ఇప్పటికీ నిలబడే ఉంది. అంతెందుకు, 2025 డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో పంచాయతీ ఎన్నికలు నిండు మూఢంలోనే జరిగాయి. మూఢమని పోలింగ్ ఆగలేదు. సర్పంచి పదవికి అడ్డురాని శుక్రుడు 400 చదరపు అడుగుల ఇంటికి అడ్డమొచ్చాడు.

ఇక్కడితో నవ్వు ఆగిపోతుంది. పాత పెంకుటిల్లు కూల్చి అదే జాగాలో కొత్తది కట్టుకోవాలనుకున్న కుటుంబాలున్నాయి. కూల్చడం అయిపోయింది, మూఢం వచ్చిపడింది. పుష్యమాసపు చలిలో టార్పాలిన్ కింద బాలింత, పసిబిడ్డ, దగ్గుతో ముసలమ్మ. పక్కనే తవ్వని జాగా. ఆ ముసలమ్మ దగ్గు శుక్రోదయం దాకా ఆగదు. ఆగమని చెప్పినాయన మాత్రం స్లాబు కింద, దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. ఉన్నవాడు శాంతి చేయించి పని మొదలుపెడతాడు. శాంతికి డబ్బుల్లేనివాడు చలిలో పడుకుంటాడు. గ్రహదోషం జేబు చూసి పట్టుకుంటుందని చెప్పడానికి సిగ్గుండాలి. ఎండాకాలంలో స్లాబు తడపడానికి ట్యాంకర్ కొనేటప్పుడు ఆగమన్న పెద్దమనుషుల్లో ఒక్కడూ పది రూపాయలు వేయడు.

మిగతా శాస్త్రాలకు ఎక్కువ చోటు అక్కర్లేదు. వాస్తు కొలతల్లో ఆయం కుదరడానికి అటో అడుగు, ఇటో అడుగు పెంచమనే వాస్తు పండితుడికి ఇందిరమ్మ ఇల్లు 600 చదరపు అడుగులు దాటితే బిల్లు రాదని తెలియదు. బోరు ఈశాన్యంలోనే వేయాలంటారు. ఇక్కడి గ్రానైటులో నీళ్లు పగుళ్ల వెంట పోతాయి గానీ దిక్కుల వెంట పోవు. చలికి సిమెంటు పట్టదనే మేస్త్రీ కూడా ఉన్నాడు. ఆయన కశ్మీర్‌లో పని చేసి వచ్చాడేమో.

ఇక పని వరుస. ముగ్గు పోసి, మూలమట్టం సరిచూసి, గట్టినేల తగిలేదాకా తవ్వాలి. నల్లరేగడి అయితే ఆ మట్టి ఎత్తేసి మొరం నింపి దిమ్మిస కొట్టాలి. తర్వాత బెడ్ కాంక్రీటు, దానిమీద సలాకల జాలీ, ఫుటింగ్, పిల్లర్. రాత్రి చలి 15 డిగ్రీల లోపుకు దిగని చోట పిల్లర్ పెట్టెలు 16 నుంచి 24 గంటల్లో విప్పవచ్చని ఐఎస్ 456 చెబుతుంది; పుష్యంలో మరో రోజు ఉంచడం మంచిది. చలికాలానికి చేయవలసిన మర్యాద ఇంతే. తడపడం మామూలు సిమెంటుకు 7 రోజులు, ఫ్లైయాష్ కలిసిన సిమెంటుకు 10 రోజులు తప్పనిసరి. ఎండలు ముదిరితే అవే 10, 14 రోజులవుతాయి. గోనెసంచులు కప్పితే చలికాలం రోజుకు రెండుసార్లు తడిపినా చెమ్మ నిలుస్తుంది, మేలో గంటకోసారి తడిపినా నిలవదు. ఆపైన ప్లింత్ బీమ్, లోపల మొరం నింపుడు.

బేస్‌మెంట్ లేచాక ఇందిరమ్మ ఇంటికి అధికారి వచ్చి ఫోటో తీసి యాప్‌లో ఎక్కిస్తాడు. 5 లక్షల్లో మొదటి లక్ష ఆ తర్వాతే ఖాతాలో పడుతుంది. అప్పటిదాకా సిమెంటుకు, సలాకకు తెచ్చిన అప్పుకు మిత్తి నడుస్తూనే ఉంటుంది. దానికి మూఢం లేదు. యాప్‌లో కావలసింది ఫోటో, అది ఎక్కడ తీశారన్న గుర్తు. తిథి, వారం, నక్షత్రం అది అడగదు.