క్వార్టరు ఖాళీచేసి ఓనరైనవారు

విశాఖపట్నంలో ఇల్లు అద్దెకిచ్చే పనిలోకి కొత్తగా దిగినవారిని అర్థం చేసుకోవాలంటే, వారు అంతకుముందు ముప్పై ఏళ్లపాటు ఎవరి ఇంట్లో కాపురమున్నారో ముందుగా విచారించవలసి ఉంటుంది. 1933లో ప్రారంభమైన ఓడరేవు మొదలు, 1941లో శంకుస్థాపన జరిగిన నౌకా నిర్మాణ కేంద్రం, 1957లో వచ్చిన చమురుశుద్ధి కర్మాగారం, 1971లో ఇందిరాగాంధీ పునాదిరాయి వేయగా 1992లో పి.వి.నరసింహారావు జాతికి అంకితం చేసిన ఉక్కు కర్మాగారం వరకు, ఈ నగరానికి వచ్చిన ప్రతి పెద్ద సంస్థా తన మనుషుల కోసం ఇళ్లు కూడా కట్టింది. సాలగ్రామపురంలో పోర్టువారి ఇళ్లు, గాంధీగ్రామంలో షిప్‌యార్డు ఇళ్లు, ఉక్కునగరంలో సెక్టార్లవారీ ఇళ్లు అలా వెలసినవే. ఈ విధంగా ఉద్యోగికి కేటాయించే ఇంటిని క్వార్టరు అంటారు. క్వార్టరులో కుళాయి కారితే ఫిర్యాదు పుస్తకంలో ఒక ముక్క రాస్తే చాలు, నేడో రేపో ప్లంబరు వస్తాడు. రాకపోతే యూనియన్ ఆఫీసులో చెప్పుకోవచ్చు, అక్కడా పని కాకపోతే గేటు మీటింగులో ప్రస్తావించవచ్చు. అందువల్ల ఈ వర్గంవారు ప్లంబరును నైరుతి రుతుపవనం వలె, కాస్త ఆలస్యమైనా తప్పక సంభవించే ప్రకృతి ధర్మంగా భావిస్తూ పదవీ విరమణ వయసుకు చేరుకుంటారు.

గ్రాట్యుటీ, భవిష్యనిధి చేతికి అందినప్పుడు ఈ స్థితి మారుతుంది. ఉక్కు కర్మాగారంలో 2025లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం అమలైనందువల్ల కొందరికి ఆ సొమ్ము అనుకున్నదానికన్నా ముందే అందింది. కూర్మన్నపాలెంలోనో, పెందుర్తిలోనో, మధురవాడలోనో నూటయాభై గజాల స్థలం చూసి, కింద తాముండేలా, పైన రెండు పోర్షన్లు అద్దెకిచ్చేలా ఇల్లు కట్టడం ఆ తరువాతి ఘట్టం. పోర్షన్ అనగా యజమాని చెవికి వినిపించేంత దూరంలో అద్దెదారు కాపురం చేయగల భాగమని స్థూలంగా నిర్వచించవచ్చు. ఉదాహరణకు స్థలానికీ కట్టుబడికీ కలిపి 60 లక్షలు ఖర్చయి, పోర్షన్‌కు 9,000 చొప్పున రెండింటికీ నెలకు 18,000 వస్తే, ఏడాదికి 2,16,000, అంటే పెట్టుబడిపై 3.6 శాతం, అదే సొమ్ము బ్యాంకులో డిపాజిట్ చేస్తే దాదాపు రెట్టింపు వచ్చేదని కుమారుడు ఫోనులో గుర్తుచేస్తూనే ఉంటాడు. అయితే డిపాజిట్ రసీదు ఎంత వడ్డీ ఇచ్చినా ఉదయాన్నే ఎదురుపడి ‘ఓనరు గారూ’ అని పిలవదు కాబట్టి, ఈ లెక్క తెలిసి కూడా ఇల్లు కట్టినవారిని అర్థశాస్త్రం రానివారని కొట్టిపారేయడం న్యాయం కాదు.

మొదటి పరీక్ష టులెట్ బోర్డుతో మొదలవుతుంది. బోర్డుపై రెండే పదాలున్నా, దాని వెనుక ఉన్న అర్హతల జాబితా ప్రభుత్వోద్యోగ ప్రకటనను మించి ఉంటుంది: చిన్న కుటుంబం కావాలి, కానీ పిల్లలు గెంతరాదు, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే మేలు, కానీ కొరియర్ పార్శిళ్లు తీసుకోవడానికి ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి, బ్రహ్మచారులకు ఇవ్వబడదు. చేపలరేవు ఉన్న ఊరిలో, వంజరం పులుసుతో జీవితమంతా ఆదివారాలు గడిపిన పెద్దమనిషే మేడమీదికి మాత్రం శాకాహారులను వెదకడం పరిశోధకుల దృష్టికి రావలసిన విషయం. ‘మీరేమిట్లు?’ అని సూటిగా అడగడం ఇప్పుడు మర్యాద కాదని తెలిసినవారు, సొంతూరు, ఇంటిపేరు, మేనమామల ఊరు అంటూ చుట్టూ తిరిగి అదే గడప దగ్గరికి చేరుకుంటారు. ఈ వడపోతలన్నీ దాటినవారు సరిగ్గా ఆషాఢంలో వస్తారు. శుభకార్యాలకు పనికిరాదని పంచాంగం చెప్పే ఆషాఢ, పుష్య మాసాలను శూన్యమాసాలంటారు గనుక, పాలు పొంగించడానికి వారు శ్రావణం దాకా ఆగుతారు, ఆ నెల అద్దె కూడా శూన్యంగానే ఉంటుంది. అద్దెకున్నవారిలో ఎవరైనా ఆసుపత్రిలో మరణిస్తే మృతదేహాన్ని ఆవరణలోకి తేనివ్వని యజమానుల వార్తలు తెలుగు పత్రికలకు కొత్త కాదు. దానిని ఆచరణలో ఎదురయ్యే ఇబ్బందుల పద్దు కింద చేర్చడం కుదరదు, దానికి తగిన మాట ఈ కాలమ్‌లో అచ్చుకు నోచుకోదు.

ఒప్పందం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఏడాదికి మించిన కౌలుకు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి, దేశమంతటా అద్దె కాలం పదకొండు నెలలకు కుదించుకుపోయింది. రాష్ట్రంలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం పోయి 2017 నాటి కొత్త చట్టం వచ్చిందన్న సంగతి స్టాంపు పేపరు టైపు చేసేవారికి చేరనందున, పత్రంలో పాత షరతులే తేదీలు మార్చుకొని కొనసాగుతాయి. కేంద్ర మంత్రివర్గం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేస్తూ, యజమాని లోపలికి వెళ్లాలంటే ఇరవైనాలుగు గంటల ముందు తెలియజేయాలని కూడా చెప్పింది. ఈ రెండో నియమం విశాఖలో అమలు కావడం కష్టం, ఎందుకంటే మేడమీది నీళ్ల ట్యాంకుకు వెళ్లే మెట్లు అద్దెదారు గుమ్మం ముందునుంచే పోతాయి. ట్యాంకు నిండిందో లేదో రోజుకు నాలుగుసార్లు చూసే హక్కును ఏ చట్టమూ యజమాని నుంచి లాక్కోలేదు.

నీరు అసలు పరిపాలనా విభాగం. మహానగరపాలక సంస్థ కుళాయి నీరు నిర్ణీత వేళ వచ్చి సంపులో, అనగా నేలలోపలి తొట్టిలో పడితే, మోటారు దానిని పైకెక్కిస్తుంది. మోటారు వేసేవాడే ఆ ఇంటికి జలవనరుల మంత్రి. సముద్రానికి దగ్గరైన చోట బోరు వేస్తే ఉప్పునీరు పడుతుంది, దూరమైన చోట వేసవిలో ఏదీ పడదు. పై పోర్షన్‌లో వాషింగ్ మెషిన్ తిరిగే శబ్దం విని, కింద మంచంమీద పడుకున్న యజమాని ఎన్ని బకెట్లు పోయాయో లెక్కకట్టగలగడం దీర్ఘ సాధన వల్ల అబ్బే విద్య. వేళ కాని వేళ ‘అంకుల్, నీళ్లు రావట్లేదు’ అన్న కబురు అందినప్పుడు, ఫిర్యాదు పుస్తకం ఇప్పుడు తానేననీ, ప్లంబరును వెదకవలసిన శాఖ కూడా తానేననీ, చెప్పుకోవడానికి యూనియన్ లేదనీ ఆయనకు ఒక్కసారిగా తెలిసివస్తుంది.

కరెంటు దీనికన్నా లోతైన అంశం. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర మెట్టుమెట్టుగా పెరుగుతుంది కాబట్టి అందరికీ ఒకే మీటరుంటే బిల్లు పైమెట్టు ఎక్కి కూర్చుంటుంది. అందువల్ల పోర్షన్‌కొక మీటరు పెట్టించడం వివేకం. అయితే మీటర్లన్నీ యజమాని పేరుతో, ఆయన ఆధార్‌తో ముడిపడి ఉండగా, నెలకు సగటున 300 యూనిట్లు దాటిన కుటుంబాలను సంక్షేమ పథకాల నుంచి తప్పించే ఆరంచెల పరిశీలన అనే వడపోత రాష్ట్రంలో అమలైంది. దీనివల్ల మేడమీది ఏసీ గాలికి కింది ఇంట్లో కోడలికి రావలసిన పథకం ఎగిరిపోయే అవకాశం ఏర్పడింది. చల్లదనం ఒకరికి, సంపన్నత మరొకరికి నమోదుకావడం పాలనాశాస్త్రంలో అరుదైన సదుపాయం.

ఇక ఇనుము. జీవితకాలం కడ్డీలు తయారుచేసిన ఊరిలో ఇంటి కడ్డీ నిలవకపోవడానికి కారణం సముద్రమే: ఉప్పుగాలిలోని క్లోరైడ్ కాంక్రీటు సందుల్లోంచి లోపలికి చేరి చువ్వపైనున్న రక్షణ పొరను తినివేస్తే, పుట్టిన తుప్పు అసలు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమించి కప్పు పెచ్చులను కిందికి నెట్టేస్తుంది. ఆ పెచ్చు అద్దెదారు కంచం పక్కన పడినప్పుడు, ఉక్కు నాణ్యత గురించి రోలింగ్ మిల్లు అనుభవంతో యజమాని ఇచ్చే ఉపన్యాసం సాంకేతికంగా నిర్దుష్టమే అయినా, కప్పుకు ఉపకరించదు. పాతనగరం, జ్ఞానాపురం వైపు ఇల్లున్నవారికి పోర్టు బొగ్గుధూళి అదనం. అక్కడ తెల్ల సున్నం వేయించడం ఆశావాదానికి గుర్తు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నీళ్ల ట్యాంకులను ఇంటిపేర్లు చూడకుండా వీధులు మార్చింది గనుక, అప్పటినుంచి జాగ్రత్తపరులు ట్యాంకును తీగతో కట్టి ఉంచుతున్నారు. ఆ తీగ కూడా తుప్పుపడుతుంది.

పన్ను విషయంలో ప్రభుత్వం యజమానికన్నా దూరదృష్టి చూపింది. పూర్వం ఇంటిపన్నును ఏడాదికి రాగల అద్దె విలువనుబట్టి వేసేవారు. 2021-22 నుంచి ఆస్తి మూలధన విలువ, అనగా స్థలం, కట్టడాల రిజిస్ట్రేషన్ విలువనుబట్టి వేస్తున్నారు. పర్యవసానంగా పోర్షన్ ఖాళీగా ఉన్నా, వీధిలో స్థలాల విలువ పెంచినప్పుడల్లా యజమాని కాగితంపై ధనవంతుడవుతాడు, పన్ను మాత్రం నోట్లతో కడతాడు. అనుమతి లేకుండా వేసిన పెంట్‌హౌస్ ఉంటే జరిమానా వేరు. దానిని క్రమబద్ధం చేసే బీపీఎస్ పథకం ఎప్పటికప్పుడు మళ్లీ వస్తూనే ఉంటుంది గనుక, ఈ రాష్ట్రంలో పశ్చాత్తాపానికి గడువు పొడిగింపు ఎప్పుడూ దొరుకుతుంది. ఏడాది అద్దె లక్ష దాటిన ఉద్యోగి ఇంటి అద్దె భత్యంపై మినహాయింపు కోసం యజమాని పాన్ నంబరు అడిగినప్పుడు ఇద్దరి మధ్య ఏర్పడే మౌనం గురించి విస్తరించనవసరం లేదు.

ఇన్ని భరించి కూడా యజమానులు అమ్ముకోకపోవడానికి కారణం అద్దె కాదు, ప్రకటనలు. 2019 డిసెంబరులో విశాఖ కార్యనిర్వాహక రాజధాని కావచ్చన్న మాట వినగానే కొందరు స్లాబుపై పిల్లర్లకు చువ్వలు వదిలారు. రాజధాని రాలేదు, చువ్వలు మాత్రం ఉప్పుగాలికి సన్నబడుతూ నిలిచే ఉన్నాయి. 2025లో రుషికొండలో 21.16 ఎకరాలను టీసీఎస్‌కు 99 పైసల నామమాత్రపు ధరకు ప్రభుత్వం కేటాయించినప్పుడు, అద్దె రెండు వందలు తగ్గించమన్నందుకు కుటుంబాన్ని ఖాళీ చేయించిన పెద్దలు కూడా ఆ దూరదృష్టిని మెచ్చుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వెలువడగా, ఆనందపురం మండలం తర్లువాడ పేరు పత్రికల్లో చదివిన కూర్మన్నపాలెం యజమాని, మధ్యలో ముప్పై కిలోమీటర్లకు పైగా నగరం ఉన్న సంగతిని పక్కనపెట్టి, మేడమీదివారికి వచ్చే నెల నుంచి వెయ్యి పెంచుతున్నట్లు తెలియజేశాడు. డేటా సెంటరులో కాపురముండేవి అధికభాగం యంత్రాలేననీ, అవి పోర్షన్ అడగవనీ, వాటికి కావలసినవి ఎడతెగని కరెంటు, చల్లదనం, నీరు మాత్రమేననీ అద్దెదారు వినయంగా విన్నవించుకోగా, చివరి మాట వినబడిన వెంటనే ఆయన ట్యాంకు చూడటానికి పైకి వెళ్లాడు.