ఒక ఓడ పద్యానికి రఘునాథపల్లి టీక

అవతారిక. కాజీపేట–సికింద్రాబాదు రైలుమార్గంలో జనగామకూ ఘన్‌పూర్‌కూ నడుమ ఉన్న రఘునాథపల్లిలో కూర్చొని ఓడమీద వ్యాఖ్య రాయడమేమిటని పూర్వపక్షం. చెరువులో తెప్ప కూడా ఎక్కనివాడికి సముద్రం సంగతి ఎందుకని దాని సారం. సమాధానం చెబుతున్నాం. ఓరుగల్లు ఏలిన గణపతిదేవుడి కోట పక్కనా సముద్రం లేదు. అయినా 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును వెనకటి రాజులు ఊడ్చుకుపోయేవారు. తాను న్యాయమైన సుంకం తప్ప మరేమీ ముట్టనన్నాడు. ఓరుగల్లు సీమలో కూర్చొని ఓడల మంచిచెడ్డలు చూడటం ఎనిమిది వందల ఏళ్ల కిందటి అలవాటు గనుక మాకు అధికారం సిద్ధించింది.

పద్యం ఎవరిదంటే, మాదే. కవీ వ్యాఖ్యాతా ఒక్కడే అయితే తగవు ఉండదు.

ఆ. గంట మోగ లేచి కళ్లు నులిమికొంచు
సుత్తి పట్టి తుప్పు చూర్ణపరచి
వండినంత తినుచు వాంతుల కోర్చుచు
నాలుగేసి గడియ నావ గాచు

ప్రతిపదార్థం. గంట మోగ = డ్యూటీకి పిలుపు రాగా; లేచి = లేవక తప్పక లేచి; కళ్లు నులిమికొంచు = నిద్ర చాలలేదని ఎవరికీ చెప్పుకోలేక; సుత్తి పట్టి = చిప్పింగ్ సుత్తి చేతబట్టి; తుప్పు = ఓడకు సహజమైన ఆభరణాన్ని; చూర్ణపరచి = పొడిపొడి చేసి; వండినంత = ఓడ వంటవాడు భండారి వండినదాన్నంతా; తినుచు = పేరు పెట్టక తింటూ; వాంతులకు ఓర్చుచు = స్పష్టం; నాలుగేసి గడియ = నాలుగేసి గంటలసేపు; నావన్ = ఓడను; కాచు = కావలి కాయును.

తాత్పర్యం. ఓడమీద శిక్షణ పొందే క్యాడెట్టు పిలిచినప్పుడు లేచి, చెప్పింది చేసి, పెట్టింది తిని, నిలబెట్టినచోట నిలబడతాడని భావం.

విశేషాలు. కాచునది ఎవరు? పద్యంలో కర్త లేడు. కవికి వ్యాకరణం రాదని తొందరపడరాదు. ఓడమీద క్యాడెట్టుకు కర్తృత్వం లేదు. కర్త కెప్టెను, క్రియ ఎలా చేయాలో చూపించేది డెక్కు పనివాళ్ల పెద్ద సరంగు, క్యాడెట్టుకు మిగిలింది కర్మ. కవి తెలిసే వదిలేశాడు.

'గడియ' అంటే ఇరవై నాలుగు నిమిషాలు. అక్షరార్థం పట్టుకుంటే క్యాడెట్టు గంటన్నరకే బ్రిడ్జి దిగి పడుకోవచ్చు. ఆ ఆశ వద్దు. ఛందస్సుకోసం పడ్డ గడియను గంటగా గ్రహించాలి. రోజును నాలుగేసి గంటల వాచీలుగా కోస్తారు. పన్నెండు నుంచి నాలుగు సెకండ్ ఆఫీసరుది, నాలుగు నుంచి ఎనిమిది చీఫ్ ఆఫీసరుది, ఎనిమిది నుంచి పన్నెండు థర్డ్ ఆఫీసరుది, పగలొకసారి, రాత్రొకసారి. పాతకాలంలో అరగంటకొక దెబ్బ పెంచుతూ ఎనిమిది దెబ్బలకు వాచీ మార్చేవారు. ఇప్పుడు ఆ పిలుపు క్యాబిన్ ఫోనులో వస్తోంది. పద్యంలో గంట ఉంచింది అందంకోసమే.

కళ్లు నులుముకోవడానికి మరో కారణం రేఖాంశం. ఓడ తూర్పుకు పోతున్నకొద్దీ పదిహేను డిగ్రీలకొక గంట చొప్పున గడియారం ముందుకు జరుపుతారు. ఆ రాత్రి గంట నిద్ర మాయం. పడమటికి పోయేటప్పుడు ఆ బాకీ తీరుతుంది. క్యాడెట్లు ఏ దిక్కును ఇష్టపడతారో వేరే చెప్పనక్కర్లేదు.

'చూర్ణపరచి' అన్నచోట కాస్త ఆగాలి, పద్యానికి ప్రాణం ఇక్కడుంది. ఉబ్బిన రంగు పొరమీద సుత్తితో కొడితే పెచ్చులు లేస్తాయి. కిందున్న ఎర్రటి పొడి కళ్లద్దాలమీద, కనుబొమలమీద, పళ్లమీద కూడా పడుతుంది. ఇనుము మెరిసేదాకా తీగ బ్రష్షుతో రుద్దాలి. ఉప్పు పోయేదాకా మంచినీళ్లతో కడగాలి. ఆరాక ప్రైమరు, దానిమీద రంగు. ఓడ ముక్కునుంచి మొదలుపెట్టి తోకదాకా వచ్చేసరికి ముక్కు దగ్గర మళ్లీ ఎర్రబడి ఉంటుంది. దీన్ని పునరుక్తి దోషమంటే సరంగు ఒప్పుకోడు, నౌకరీ అంటాడు. ఇంజినీరింగ్ చదివి సుత్తి పట్టుకోని మన పిల్లలను తలచుకుంటే, మాకీ చరణమే నచ్చింది.

'తినుచు' అన్నచోట 'తినక' అని పాఠాంతరం. గణాలు రెండింటికీ సరిపోయాయి. నైరుతి రుతుపవనాల వేళ అరేబియా సముద్రంలో తిరిగేవారికి రెండో పాఠమే ప్రమాణం. అప్పుడు కంచాలు జారకుండా బల్లమీద తడిగుడ్డ పరుస్తారు. కంచం నిలుస్తుంది, తినేవాడు నిలవడు. ఇంటినుంచి తెచ్చుకున్న మామిడి తొక్కు సీసా రెండు పాఠాలవారికీ ఉపకరిస్తుంది.

'నావ' అంటే ఏ నావ? మన దేశంలో ఈ చదువు 1927లో బొంబాయి మజ్‌గావ్ దగ్గర లంగరేసిన డఫరిన్ మీద మొదలైంది. 1904లో సైనికులను మోయడానికి దించిన ఓడ అది. 1972లో దాని చోటికి రాజేంద్ర వచ్చింది. 1993 నుంచి నవీ ముంబయిలో ట్రైనింగ్ షిప్ చాణక్య. పేరు ఓడ, ఉనికి నేల. శాస్త్రంలో దీన్ని రూఢి అంటారు. ఈ కాలపు క్యాడెట్టు తరగతి ఒడ్డున ముగించి, సరుకు ఓడెక్కి నిజమైన నీళ్లు చూస్తాడు. తెరచాపలతోనే నేర్చుకోవాలంటే నౌకాదళానికి ఐఎన్ఎస్ తరంగిణి ఉంది. మూడు కొయ్యల ఆ ఓడ 1997లో దళంలో చేరి 2003–04లో భూమిని చుట్టి వచ్చింది.

'కాచు' అన్నదానిలో ధ్వని ఉంది. చీఫ్ ఆఫీసరు వాచీలో తెల్లవారుజామున కొద్ది నిమిషాలు చుక్కలూ కనిపిస్తాయి, నీటి అంచూ కనిపిస్తుంది. క్యాడెట్టు సెక్స్‌టెంట్ ఎత్తి, చుక్కను అద్దంలో కిందికి దించి, ఆ అంచుకు ఆనించి, కోణం చదివి, అదే క్షణాన టైము రాసుకోవాలి. ఇంకాసేపు తటపటాయిస్తే వెలుతురు పెరిగి చుక్క మాయమవుతుంది. పట్టికలో స్పైకా, ఆర్క్‌టరస్ అని ఉన్నవి మన చిత్త, స్వాతి. రఘునాథపల్లి రైతు ఆ పేర్లను కార్తెలుగా వాడతాడు. చిత్త కార్తెలో చిత్త చుక్క కనిపించదు, అప్పుడు సూర్యుడు దాని పక్కనే ఉంటాడు. కనిపించని చుక్కతో రైతు, కనిపించే చుక్కతో నావికుడు లెక్క కడుతున్నారు. జీపీఎస్ ఉండగా ఇదంతా ఎందుకన్న క్యాడెట్టుకు, జీపీఎస్ పోయిన రోజుకని చీఫ్ ఆఫీసరు జవాబు.

అలంకారం స్వభావోక్తి. అతిశయోక్తి ఎక్కడా లేదు, తుప్పు విషయంలో తక్కువే చెప్పాడు. మూలంలో లేనిది రాయనని కొలచెలమ మల్లినాథ సూరి పెట్టుకున్న నియమం మా చేత కాలేదు. ఆయన సీమ అయిన మెతుకుసీమ పండితులు మన్నింతురు గాక.

ఫలశ్రుతి. ఈ పద్యం మూడు పూటలా చదివినా సీ టైం రాదు. నాటికల్ సైన్స్ బీఎస్సీ చేసినవారు 12 నెలలు, ఏడాది డిప్లొమా చేసినవారు 18 నెలలు ఓడమీద గడపాలి. రికార్డు బుక్కులో పని పనికీ ఆఫీసరు సంతకం పడాలి. ఆ తర్వాతే సెకండ్ మేట్ పరీక్ష. ఈ చదువులకు ఇండియన్ మారిటైం యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష పెడుతుంది. ఓడెక్కిస్తా, లక్షలు తెమ్మని ఎవరైనా మీ గడపకు వస్తే ముందు నావికుల నియామక సంస్థలకిచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు నంబరు అడగండి, డీజీ షిప్పింగ్ జాబితాలో సరిచూడండి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర పైసలు తీసుకోవడానికి వీల్లేదు.